కొసరు లేని అంగడి

మా టికిరిలో మేమున్న వీథి మలుపున ఈ యేడు ఒక క్రొత్త అంగడి వెలసినది. దాని బోర్డుపై ‘సూపర్ మార్కెట్’ అని ఆంగ్లములోను ఒడియాలోను వ్రాసియున్నది. విశాఖపట్నమువంటి నగరములలో నివసించువారి కిది వింత కాదు. కాని వారపు సంతయు, వీథి చివరి కిరాణా కొట్టును తప్ప వేరొకటి యెరుగని మా వీథివారికి అది గొప్ప విశేషమే. తెరచిన వారము దినములలో ఇరుగుపొరుగు వారందరును దానిని చూచి వచ్చిరి. మా అమ్మయు నేనును గూడ వెళ్ళితిమి. అక్కడ చూచినదియు, పిమ్మట మా యింట జరిగినదియు విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పదగినవని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గాజు తలుపు త్రోసికొని లోనికి పోబోవుచుండగా అమ్మ గడప కడ చెప్పులు విడిచెను. కావలి యువకుడు నవ్వి, వేసికొని రావచ్చునని ఒడియాలో చెప్పెను. లోపల వరుసలుగా అరలు; అరల నిండ పప్పులు, నూనెలు, సబ్బులు, బిస్కట్లు. “ఏమి కావలె”నని అడుగువారు లేరు. చేతికొక బుట్ట నిచ్చిరి, అంతియే. అమ్మ నా చెవిలో, “అడక్కుండా తీసుకుంటే దొంగతనం అనుకోరూ?” అని మెల్లగా అనెను.

ఆమె సందేహమునకు వంద సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు ‘పిగ్లీ విగ్లీ’ అను అంగడిని తెరచి, కొనువారే అరలనుండి సరకు తీసికొను పద్ధతిని ప్రవేశపెట్టెను. అంతవరకు అచ్చటను మన కిరాణా కొట్టునందు వలెనే కొనువాడు బల్లకు ఈవల నిలిచి అడుగవలెను, గుమాస్తా ఆవలనుండి తెచ్చి ఈయవలెను. గుమాస్తాల జీతము మిగిలిన ధర తగ్గింపవచ్చునని సాండర్స్ లెక్క. మన దేశమున 1966 జూన్ నెలలో రూపాయి విలువ తగ్గింపబడిన పిమ్మట, ధరలు పెరుగకుండ చూచుటకై ఆ యేడే ఢిల్లీలో సహకార పద్ధతిపై ‘సూపర్ బజార్’ను స్థాపించిరి. కావున ఇట్టి అంగళ్ళు ధనికుల సొగసు కొరకే పుట్టినవని చెప్పుట న్యాయము కాదు.

మా వీథివారి అభిప్రాయములు పలువిధములుగా నుండెను. “పప్పులో రాళ్ళేరుకునే పని తప్పింది” అని పొరుగింటి వదినగారు సంతోషించిరి. పింఛను పుచ్చుకొను ఒక పెద్దాయన ఇంటికి వచ్చి లెక్క చూచికొని, నూనెలో మిగిలినది బిస్కట్లలో పోయినదని తేల్చెను. కూలికి పోవు ఒకామె గాజు తలుపు బయటనే నిలిచి, “అరువిస్తారా అమ్మా?” అని మా అమ్మ నడిగెను. ఈయరని తెలిసికొని వెనుదిరిగెను. వానకాలమున పనులు లేనప్పుడు ఆమె యింట పొయ్యి వెలిగించునది మా షావుకారు గారి అరువు ఖాతాయే. “సాయంత్రం బేరం పలచబడింది బాబూ” అని ఆ షావుకారు గారు నాతో అన్నప్పుడు, నా చేతిలో ఆ క్రొత్త అంగడి సంచి యుండుటచే నేను తలవంచుకొంటిని.

అయినను ఆ అంగడి గూర్చి నా మనస్సును మార్చిన దృశ్య మొకటి కలదు. అల్లము, పసుపు, చోళ్ళు సంతకు తెచ్చు కోదు స్త్రీలను మన మందరము చూచుచుందుము. తెలుగునకు చుట్టమైన కువి వారి యింటి భాష. సంతలో వారు ఒడియాలోనో తెలుగులోనో బేరమాడవలసి వచ్చును. నోరు మంచిదైతే ఊరు మంచిదగు నందురు. కాని పరభాషలో ఎవరి నోరు పెగులును? మాట రానివారి సరకునకు ధర తరుగును, వారు కొను సరకునకు ధర పెరుగును. అట్టి స్త్రీ యొకతె ఆనాడు ఉప్పును సబ్బును తీసికొని లెక్క బల్ల కడకు వచ్చెను. యంత్రముపై అంకెలు వెలిగెను. ఆమె నోట్లిచ్చి, చిల్లర లెక్కించి చూచికొని, ఒక్క మాటయైన పలుకక వెళ్ళిపోయెను. ఆమెను ఎవరును గద్దింపలేదు, మోసగింపలేదు. నాకును ఆమెకును ధర యొక్కటే. నోరులేని వారికి ఇది చిన్న న్యాయము కాదని నాకు తోచెను.

ఇక మా యింటి సంగతి. అమ్మకు తెలుగు చక్కగా వచ్చును. దినపత్రికను మొదటి పుటనుండి తుదివరకు చదువును. బంధువులకు ఉత్తరములు తానే వ్రాయును. ఆంగ్లము, హిందీ రావు. పండుగకు జంతికలు చేయదలచి ఆమె బియ్యపు పిండి కొరకు వెదకెను. అరలో తెల్లని పిండి పొట్లములు రెండు మూడు విధములు కలవు. నేను ఆవలి అర కడ నా కిష్టమైన కాఫీపొడి వెదకుచుంటిని. కిరాణా కొట్టులో అడిగినట్లు అడుగుటకు ఆమె కెదురుగా ఎవరును లేరు. చేతికి తోచిన పొట్లమును బుట్టలో వేసికొనెను. ఇంట వాము, నువ్వులు కలిపి, గొట్టములో పెట్టి నూనెలో వత్తగా, ఆ జంతికలు పైన ఎర్రబడి లోపల తోలువలె సాగినవి. నేను పొట్లము తీసి చదివితిని. అది మైదా!

మేమందరము నవ్వితిమి. అమ్మ నవ్వలేదు. “ఇన్నాళ్ళూ చదువొచ్చినదాన్ననుకున్నాను నాయనా. ఆ కొట్టులో చదువు రానిదాన్నయిపోయాను” అనెను. ఆ మాట నన్నింకను బాధించుచున్నది.

ఈ తప్పు అంగడిది మాత్రమే కాదు. 2011 నాటి పొట్లపు సరకుల నియమముల ననుసరించి సరకు పేరు, నికర తూకము, గరిష్ఠ చిల్లర ధర మొదలగునవి హిందీలోనో ఆంగ్లములోనో ముద్రింపవలెను. ఇతర భాషలలో గూడ ముద్రింపవచ్చును గాని అది నిర్బంధము కాదు. కనుక ఆ అర ముందు మా అమ్మకు పట్టిన గతియే ఒడియా మాత్రమే చదువ నేర్చిన తల్లికిని పట్టును. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడెను. మా టికిరి నేడు రాయగడ జిల్లాలో నున్నది. ఎల్లలు మారినను సంతలో తెలుగును ఒడియాయును ప్రక్కప్రక్కనే కూర్చుండి బేరమాడినవి. ఇప్పుడు రెండును ఆ గాజు తలుపు లోపల మూగవోయినవి.

పాత కొట్టులో సరకు తూచిన పిమ్మట షావుకారు గారు గుప్పెడు కొసరు వేయును. ఆ గుప్పెడుతో పాటు “పిల్లవాడి జ్వరం తగ్గిందా అమ్మా?” అను మాట గూడ వచ్చును. క్రొత్త అంగడిలో ఒకటి కొనిన ఒకటి ఉచిత మందురు; కాని అది లెక్క కట్టి ఇచ్చినది, కొసరు కాదు. అక్కడ నిజముగా లేనిది మాటయే.

ఈ కథ విని మా వీథిలోని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఊరకుండలేదు. అట్టముక్కలపై బియ్యపు పిండి, మైదా, శనగపిండి మొదలగు ఇరువది పేర్లను తెలుగులోను, స్నేహితురాలి సాయముతో ఒడియాలోను వ్రాసి, అంగడి యజమానుని అడిగి అరలకు అంటించినది. ఆయన వెంటనే ఒప్పుకొనెను. అంతవరకు ఎవరును అడుగలేదట! తరువాత మేము వెళ్ళినప్పుడు అమ్మ ఒక్కొక్క అట్టను పైకి చదివెను. ఒకచోట ‘శెనగపిండి’ అని వ్రాయవలెనా ‘శనగపిండి’ అని వ్రాయవలెనా అని లెక్క బల్ల కడనున్న ఒడియా యువకునితో వాదమునకు దిగెను! అతనికి తెలుగు అక్షరములు రావు. అయినను వెనుకనున్న వారు తొందరపెట్టు వరకు వినుచు కూర్చుండెను.

విద్యార్థులారా! మీరు నేర్చుచున్న ఆంగ్లము, హిందీ, ఒడియా పరీక్షలకే కాదు. ఈ వారము మీ అమ్మగారితో అంగడికి వెళ్ళుడు. పేరు, తూకము, ధర, ఎన్నాళ్ళలోపల వాడవలెనో ఆ తేది చదివి చెప్పుడు. ముద్రించిన ధర కంటె ఎక్కువ అడిగిన, 1915 అను సంఖ్యకు ఫోను చేసి వినియోగదారులు ఫిర్యాదు చేయవచ్చునని తెలుపుడు. ప్రక్కన కోదు స్త్రీ యెవరైన పొట్లము పట్టుకొని సందేహించుచున్న, ఆమెకును చదివి చెప్పుడు. ఆ అంగడివారు కొసరు వేయరు. దానిని మనమే వేయవలెను.