ధూళి కాదు, బూడిద

డికెన్స్ పూర్తిచేసిన చివరి నవల ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ (1864–65). అందులోని ఆస్తి చెత్తగుట్టలు. కొంత భాగం తెలిగిస్తూ ‘డస్ట్’ అన్నచోటల్లా ‘ధూళి’ అని రాసేశాను. ధూళికి వీలునామాలేమిటన్న సందేహం వచ్చింది కాని, సిగ్గుచేటు, పట్టించుకోలేదు.

తరువాత హెన్రీ మేహ్యూ రచన చదివాను. అది లండన్ పొయ్యిలలోని బొగ్గు బూడిద! స్త్రీలు గుట్టల నడుమ నిలిచి జల్లెడ పట్టేవారు. మెత్తని బూడిద ఇటుకల మట్టిలోకి, సగం కాలిన బొగ్గు ఇటుకబట్టీలోకి, ఎముకలూ గుడ్డపేలికలూ వేర్వేరు బేరగాళ్లకు చేరేవి.

మన చెత్త అంత పొడిది కాదు. రోజుకు 300 టన్నులు కాల్చి విద్యుత్తు తీయాలని ఢిల్లీ తిమార్‌పూర్‌లో నెలకొల్పిన కర్మాగారం 1987లో మొదలై కొద్ది రోజులకే ఆగిపోయింది. తడి తొక్కలకూ మట్టికీ మండే శక్తి చాలలేదు. మండగల కాగితాలను ఏరుకునేవారు ముందే తీసుకుపోతారు కదా!

హైదరాబాదులో మా వీధికి చెత్తబండి తెచ్చే ఆమె ఒకనాడు నా బుట్ట వెనక్కిచ్చింది.

“కాగితాల మీద టీపొడి పోస్తే ఎవరు కొంటరమ్మా?”

అవి ఆ అనువాదపు చిత్తుప్రతులే. అప్పటినుంచి విడిగా కట్టి ఇస్తున్నాను. ‘ధూళి’ కొట్టేసి ‘బూడిద’ అని దిద్దిన పుటలూ ఆ కట్టల్లోనే వెళ్లాయి.