మగ్గమెరుగని ఉన్ని

ఉన్ని యనగానే మన తెలుగువారికి ముందుగా స్ఫురించునది గొంగడి. దక్కను పీఠభూమిపై మేయు నల్లగొర్రెల బొచ్చును కత్తిరించి, ఏకి, వడికి, మగ్గముపై నేసి, చింతగింజల గంజి పట్టించి కురుమలు సిద్ధపరచు ఆ గొంగడి, వానకు గొడుగై, చలికి కప్పై, రాత్రికి పడకయై గొర్రెల కాపరిని కనిపెట్టుకొని యుండును. అయితే వడకకయే, నేయకయే వస్త్రము కాగల శక్తి ఉన్నికి స్వభావసిద్ధముగా కలదని తెలిసికొనగోరువారు, ఢిల్లీలో 1994లో వెలసిన దిల్లీ హాట్‌కు నమ్దాలనబడు కాశ్మీరపు ఉన్ని తివాచీలు వచ్చిన దినమున పోయి చూడవలెను.

ఉన్నివెండ్రుక కంటికి నునుపుగా తోచినను, దాని యొడలెల్ల చేపపొలుసుల వంటి సూక్ష్మమైన పొరలుండును. చాపపై దట్టముగా పరచిన ఉన్నిమీద సబ్బునీరు చిలకరించి, చుట్టగా చుట్టి మర్దించినప్పుడు ఆ పొరలు ఒండొంటిని పెనవేసికొనగా, పడుగుపేకల ప్రసక్తి లేకయే నమ్దా యేర్పడును. సూదితో ఉన్నిచిత్రములు చేయువారు ఈ కార్యమునే నీరు లేక సాధింతురు. వారి సూదికి దారమెక్కించు బెజ్జము లేదు. దాని అంచులపై క్రిందివైపు తిరిగిన చిన్నచిన్న గాట్లు మాత్రముండును. పొడిచినప్పుడు అవి వెండ్రుకలను పట్టి లోనికి ఈడ్చుకొనిపోవును. పైకి తీసినప్పుడు వానిని లోపలనే విడిచివచ్చును. నేయని గుడ్డలను తయారుచేయు యంత్రములకై పుట్టిన ఈ సూదియే నేడు చిత్రకారుల చేతిలో కుంచెయైనది.

హర్యానా పొలములలో జనవరి మాసమున విరగబూచిన ఆవచేనిని, దానిపై క్రమ్మిన పొగమంచును ఉన్నితో చిత్రింపబూనినవారు, పసుపును ఆకుపచ్చను నీటిలో కలుపరు. రెండు వన్నెల పింజెలను జతచేసి, లాగి, విడదీసి, మరల ఒకదానిపై నొకటి పేర్చి లాగుచుందురు. ఎంత లాగినను ప్రతి వెండ్రుకయు తన వన్నెను తాను విడువదు. దూరమునుండి చూచు కన్నే ఆ వన్నెలను కలుపుకొనును. పొగమంచునకు తెల్లరంగు పూయనక్కరలేదు. చేను పూర్తియైన పిమ్మట, క్రింది పసుపు కనబడునంత పలుచగా తెల్లని పింజెను పరచి, తేలికగా నాలుగు పోట్లు పొడిచిన చాలును. బలముగా పొడిచినచో మంచు చేనిలో దిగబడి మాయమగును.

ఇట్టి పనిని చేతిపని యని యొకప్రక్కకు నెట్టు అలవాటు మనలో బలముగా నున్నది. కాని 1949లో జన్మించి, బరోడాలో చిత్రకారుడు కె. జి. సుబ్రమణ్యన్ వద్ద అభ్యసించి, ఢిల్లీలో స్థిరపడిన మృణాళినీ ముఖర్జీ, జనపనారను మగ్గము లేక, ముడిమీద ముడివేసి, 1984 నాటి 'యక్షి' వంటి మహాకాయములైన శిల్పములను నిలిపెను. 2015లో ఢిల్లీ జయపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళామందిరమున ఆమె జీవితకృషి ప్రదర్శింపబడుచుండగనే ఆమె పరమపదించెను. 2019లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము ఆ శిల్పములను సగౌరవముగా ప్రదర్శించెను.

నార శిల్పము కాగలదని ఢిల్లీ నగరమే నిరూపించినది గనుక, ఉన్ని చిత్రము కాగలదా యని సందేహింప బనిలేదు. మన మాలోచింపవలసినది మరియొకటి కలదు. శిల్పము ప్రక్కన శిల్పి పేరుండును. నమ్దా ప్రక్కన వెల మాత్రమే యుండును. ఉన్నిచిత్రమును కొనునప్పుడు చిత్రకారుని పేరడుగు రసికుడు, నమ్దాను, గొంగడిని కొనునప్పుడు కూడ వానిని చేసినవారి పేరడిగి తెలిసికొనుట న్యాయము. ఏలయన వానిలోనున్నదియు చేతివిద్యయే.