తక్కువ స్కోరుకే గెలుపు

పేరెంట్స్ మీటింగ్‌లో స్క్రీన్ టైమ్ గురించి మాట్లాడుకోని నెల ఉండదు. ఫోన్ ఎంతసేపు ఇవ్వాలి, రాత్రి ఎన్ని గంటలకు తీసేసుకోవాలి, పాస్‌వర్డ్ మార్చినా వీళ్లకెలా తెలిసిపోతోంది... మనందరి ఇళ్లలోనూ ఇదే కథ. ఈసారి నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. జనవరి నుంచి మా ఇంట్లో ఒక వీడియో గేమ్ నడుస్తోంది. పిల్లలతో పాటు నేనూ ఆడుతున్నాను. చూడ్డానికి ఏమాత్రం బాగుండని గేమ్ అది. ఆడటం మొదలుపెడితే ఇంకా బాగుండదు.

సంక్రాంతి సెలవుల్లో నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్లాం. అక్కడ ఒక బొమ్మల స్టాల్ ముందు మా పాప ఆగిపోయింది. అరచేతిలో పట్టేంత గేమ్ డబ్బా, టీవీకి పెట్టుకోవడానికి ఒక వైరు, రెండోవాళ్లు ఆడటానికి ఇంకో రిమోట్. "నాలుగొందల గేమ్స్ మేడమ్, ఇంటర్నెట్ అక్కర్లేదు" అన్నాడు షాపతను. ఆ రెండో మాటకే నేను పర్సు తీశాను. ఇంటికొచ్చి చూస్తే సగం గేమ్‌లు ఒకటే, పేర్లు మాత్రం వేరు. మన చిన్నప్పటి క్యాసెట్ల మీద కూడా 9999 ఇన్ వన్ అనే ఉండేది కదా! ఆ జాబితాలో కిందికి వెళ్తుంటే కనిపించింది, గోల్ఫ్.

నాకది పాత పరిచయమే. 1990లలో హన్మకొండలో మా పెద్దమ్మ వాళ్లింట్లో వీడియో గేమ్ ఉండేది. అప్పుడు మనకు దొరికినవి చాలావరకు నింటెండో మెషిన్‌కి నకళ్లే. ఎండాకాలం సెలవులొస్తే నలుగురు అన్నయ్యలు దాని ముందు నుంచి లేచేవాళ్లు కాదు. కాంట్రా, మారియో వాళ్లవి. వాళ్లు భోజనానికి లేచినప్పుడు నాకు వంతు వచ్చేది, అదీ వాళ్ల ఆట పాడుచేయకుండా ఎవరూ ముట్టుకోని క్యాసెట్ పెట్టుకుంటేనే. అలా నాకు దక్కింది గోల్ఫ్. అసలు గోల్ఫ్ అంటే ఏంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. క్యాసెట్ తీసి, ఊది, మళ్లీ పెట్టి, ఆ పచ్చ తెర ముందు ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

తెర గురించి చెప్పాలి. కుడి పక్కన మైదానం పైనుంచి చూసినట్టు ఉంటుంది. పచ్చటి పలకలు, నీలం మచ్చలు నీళ్లు, ఉండల్లాంటివి చెట్లు. ఎడమ పక్కన లావుపాటి మీసాల మనిషి కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. మారియోకి దూరపు చుట్టంలా ఉంటాడు. చప్పుడు కూడా పెద్దగా ఉండదు. మా పాప రెండు నిమిషాలు చూసి "అమ్మా, ఇది ఎక్సెల్ షీట్ లాగుంది" అని లేచిపోయింది. నాలుగో తరగతి వాళ్లకు ఎక్సెల్ నేర్పిస్తే ఇలాగే ఉంటుంది మరి.

ఆడే పద్ధతి మూడు నొక్కుళ్లు. మొదటిసారి బటన్ నొక్కితే కింద ఉన్న గీత మీద ఒక గుర్తు కదలడం మొదలవుతుంది. రెండోసారి నొక్కితే ఎంత బలంగా కొట్టాలో ఖాయమవుతుంది. ఆ గుర్తు వెనక్కి వచ్చేటప్పుడు సరిగ్గా బంతి దగ్గర మూడోసారి నొక్కాలి. ముందు నొక్కినా, ఆలస్యమైనా బంతి వంకరగా పోతుంది. అంతకుముందే గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. సంచిలో ఉన్న రకరకాల కర్రల్లో ఒకటి ఎంచుకోవాలి. ఏ కర్రతో ఎంత దూరం పోతుందో తెర మీద ఎవరూ చెప్పరు. బంతి గుంత దాకా వచ్చాక కూడా కష్టం తీరదు. అక్కడ నేల వాలును బాణం గుర్తులతో చూపిస్తారు, దాన్ని బట్టి మెల్లగా నెట్టాలి. నేను మొదటి రోజు ఒక్క గుంతకి 11 సార్లు కొట్టాను. అది నాలుగు షాట్లలో పూర్తి చేయాల్సిన గుంత.

ఇంతకీ ఈ గేమ్ రాసింది చిన్నవాడేం కాదు. సతోరు ఇవాటా అని, అప్పుడు హాల్ ల్యాబరేటరీ అనే కంపెనీలో ప్రోగ్రామర్. గేమ్ వచ్చింది 1984లో. ఆ కాలం క్యాసెట్‌లో ఉండే చోటుకి 18 గుంతల మైదానం పట్టదని మిగతావాళ్లు అంటే, డేటాను కుదించి కూర్చి పట్టించింది ఇతనే. తర్వాత వచ్చిన ఎన్నో గోల్ఫ్ గేమ్‌లు ఈ మూడు నొక్కుళ్ల పద్ధతినే వాడుకున్నాయి. ఇవాటా 2002లో నింటెండోకే ప్రెసిడెంట్ అయ్యాడు. 2015 జూలై 11న, 55 ఏళ్లకే చనిపోయాడు. 2017లో వచ్చిన స్విచ్ మెషిన్‌లో ఈ పాత గోల్ఫ్‌ని ఎవరో గుట్టుగా దాచిపెట్టారని ఆ ఏడాదే బయటపడింది. జూలై 11న, ఆయన వీడియోల్లో చేసినట్టు రెండు చేతులు ముందుకు చూపిస్తేనే అది తెరుచుకునేది. ఇది మా అబ్బాయికి చెప్తే "అంటే తద్దినం నాడు కనిపించే గేమా?" అన్నాడు. మా అత్తగారు గట్టిగా నవ్వారు.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. మీలో చాలామందికి ఈ రకం పిల్లలు తెలిసే ఉంటారు. ఏది మొదలుపెట్టినా మొదటి ప్రశ్న "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" రెండోది "ర్యాంక్ ఇస్తారా?" కీబోర్డ్ రెండు నెలలు, చెస్ ఒక నెల, స్కేటింగ్ పది రోజులు. పక్కవాడు తనకన్నా బాగా చేస్తున్నాడని కనిపించిన రోజే ఆఖరి రోజు. గోల్ఫ్ కూడా ఒక్క పూటలో వదిలేస్తాడనుకున్నాను. మొదటి గుంతకి తొమ్మిది షాట్లు కొట్టి, నా స్కోరు చూసి, "నీకు పదకొండు, నాకు తొమ్మిది. నువ్వే గెలిచావ్" అన్నాడు. కాదు నాన్నా, ఇందులో తక్కువ వచ్చినవాళ్లే గెలిచినట్టు అన్నాను. కాసేపు తెర వైపే చూశాడు. "తక్కువ వస్తే ఫస్టా? ఇది మా స్కూల్లో పెట్టాలి" అన్నాడు.

ఫోన్‌లో వాడు ఆడే గేమ్‌లు నేనూ చూశాను. నాణేలు రాలతాయి, చప్పట్లు మోగుతాయి, ఓడిపోతే ఒక యాడ్ చూడు ఇంకో లైఫ్ ఇస్తాం అంటాయి, రెండు రోజులు ఆడకపోతే నోటిఫికేషన్ పంపి బతిమాలతాయి. ఈ మీసాల మనిషికి మన మీద అలాంటి ప్రేమేమీ లేదు. బంతి నీళ్లలో పడితే ఒక షాట్ కలుపుతాడు, అంతే. మధ్యలో ఆపితే సేవ్ కూడా కాదు, మళ్లీ మొదటి గుంత నుంచే. అందుకని మామూలు రోజుల్లో హోమ్‌వర్క్ అయ్యాక మొదటి మూడు గుంతలు మాత్రం ఆడతాం. ఆదివారం సాయంత్రం మొత్తం 18. టైమర్ పెట్టాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఈ గేమ్‌ని ఇంకాసేపు ఆడతానని ఎవరూ ఏడవరు.

మూడో వారం అనుకుంటా, ఒక సాయంత్రం వాడు స్కేలు తీసుకెళ్లి టీవీ తెరకి ఆనించి కొలుస్తున్నాడు. ఒక్కో కర్రతో నిండు బలంతో కొడితే బంతి ఎన్ని సెంటీమీటర్లు పోతోందో. మూడేసి సార్లు కొట్టి, సగటు తీసి, రఫ్ నోట్స్ వెనక పేజీలో పట్టిక గీశాడు. ఎదురుగాలికి పక్కన పెన్సిల్‌తో ఇంకో వరస. ఆ పట్టిక వేయమని వాడికి ఎవరూ చెప్పలేదు, దానికి మార్కులూ లేవు. ఆ పేజీ ఫొటో తీసి మా అన్నయ్యకి పంపాను. కాంట్రా పూర్తిచేసిన ఆ అన్నయ్యకే. "ఇదేం గేమ్?" అని తిరిగి మెసేజ్ పెట్టాడు.

ఒకరు కొడుతుంటే ఇంకొకరు ఊరికే కూర్చోవాలి. మాకు అసలు లాభం అక్కడ దొరికింది. "స్కూల్లో ఏం జరిగింది?" అని ఎదురుగా కూర్చుని అడిగితే "ఏం లేదు" అని జవాబొస్తుంది, మీకూ తెలుసు. ఇక్కడ ఇద్దరం టీవీ వైపే చూస్తుంటాం. ఫిబ్రవరిలో ఒకరోజు వాడి బంతి ఇసుకలో ఇరుక్కుంది. ఆరో షాట్‌కి కర్ర ఎంచుకుంటూ, నా వైపు తిరగకుండానే, సెక్షన్ మారినప్పటి నుంచి లంచ్ ఒక్కడే తింటున్నానని చెప్పాడు. పాత సెక్షన్ వాళ్లకి లంచ్ వేరే టైమ్‌కట. నేను వెంటనే ఏమీ అనలేదు. నా వంతు వచ్చింది, కొట్టాను, అది చెట్లలోకి పోయింది. అప్పుడు మిగతాదంతా తనే చెప్పాడు. నాలుగు నెలల సంగతి. మర్నాడు వాడికి చెప్పే క్లాస్ టీచర్‌ని కలిశాను. పాత స్నేహితులు తిరిగి రాలేదు కానీ, ఇప్పుడు బస్సులో వచ్చే ఇంకో అబ్బాయితో కలిసి తింటున్నాడు.

మార్కుల సంగతి అడుగుతారని తెలుసు. అవి ఎక్కడ ఉండేవో అక్కడే ఉన్నాయి. కీబోర్డ్ మీద దుమ్ము కూడా అలాగే ఉంది.

గత ఆదివారం 18 గుంతలకీ కలిపి నాకు 94, వాడికి 91. చెట్లు అడ్డొస్తే వాడిప్పుడు మూడో నొక్కు కావాలనే కాస్త ముందు నొక్కుతున్నాడు. బంతి చెట్టు చుట్టూ తిరిగి అవతల పడుతుంది. నాకది ఇంకా రాలేదు. "చూడకమ్మా, లెక్కపెట్టు" అంటాడు. లెక్కపెడుతున్నాను.