జడలు చూసినం, మనిషిని చూడలేదు

ఈసారి పత్తి గురించో యూరియా గురించో కాదు, ఒక ఆడమనిషి నెత్తి మీది జుట్టు గురించి రాస్తున్న. కొంచెం పెద్దగ ఉంటది, ఓపికతో చదవుండ్రి. ఇందులో తప్పు నాది కూడా ఉంది, అందుకే రాస్తున్న.

మా ఊర్ల ఒక అక్క ఉంది. పేరు రాయను. పెనిమిటి పోయిండు, ఒక్కడే కొడుకు, ఇరవై గుంటల చెలక. ఏడెనిమిదేండ్ల కింద జ్వరం పడి మూడు నెలలు మంచంలనే ఉంది. నూనె లేదు, దువ్వెన లేదు. లేచేటప్పటికి మెడ వెనుక జుట్టు ముద్ద కట్టింది. విప్పబోతే రాలేదు. పక్కింటి ముసలామె చూసి "ఎల్లమ్మ తల్లి వచ్చిందే, కత్తెర పెట్టకు, ఇంటికి కీడు" అన్నది. అంతే. పసుపు రాసిండ్రు, బండారి పెట్టిండ్రు. చూస్తుండగనే జడలు నడుము దాక వచ్చినయి.

మంగళవారం వస్తే ఆడోళ్లు ఆమె కాళ్లు మొక్కుతరు. పదో ఇరవయ్యో చేతుల పెడతరు. అదే ఆడోళ్లు బుధవారం నాట్లకు గుంపు కట్టుకుని పోతరు, ఆమెను పిలువరు. ఒకామె పేన్లు ఎక్కుతయి అంటది. ఇంకొకామె, వరుసల పక్కన నిలబడితే కాలు తగులుతది, పాపం చుట్టుకుంటది అంటది. దేవత అన్న నోటితోనే పనికి రాదు అన్నరు. మొక్కుల పైసలతో కడుపు నిండుతదా? వానాకాలం పోయింది, యాసంగి పోయింది, ఆమెకు వారంల రెండు దినాల కైకిలి దొరికితే గొప్ప.

ఆ ఏడు మక్కలు పట్టే మిషన్ మా కల్లంల పెట్టినప్పుడు ఆమెను నేనే పిలిచిన. కాని మిషన్ దగ్గరికి రానియ్యలేదు. అది మాత్రం సరైన పనే. ట్రాక్టర్ పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతది, అంటే సెకనుకు తొమ్మిది. కొంగు గాని జుట్టు గాని అందుకుంటే మనం అరిచేలోపే గుంజేస్తది. అందుకే జడలు తువ్వాలతో బిగించి కట్టుకొమ్మన్న, దూరంగ సంచులు పట్టే పని ఇచ్చిన. పొద్దుమూకే దాక అందరితో సమానంగ చేసింది. పని చేతకాక ఎవరూ ఆమెను వద్దనలేదని ఆ దినం అర్థమయింది.

అయినా తర్వాత నేను కూడా వద్దన్న.

మా ఊరి బడిలో పిల్లలకు వండే చోట ఒక మనిషి అవసరం పడింది. అప్పుడు నేను బడి కమిటీల సభ్యుణ్ని. ఆమె మా ఇంటికొచ్చి అరుగు మీద కూసుంది. "తమ్మీ, నా పేరు చెప్పవా" అన్నది. నేను తెలివిగల్లోని లెక్క "ముందు ఆ జడలు తీయించుకో అక్కా, తర్వాత చూద్దాం" అన్న.

ఆమె జర సేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "తీస్తే నా కొడుక్కు ఏమన్నా అయితే నువ్వు జిమ్మ తీసుకుంటవా తమ్మీ?"

నా దగ్గర జవాబు లేదు. కత్తిరిస్తే కొడుక్కు కీడని భయపెట్టింది మా ఊరే. కత్తిరిస్తేనే పని అంటున్నది కూడా మా ఊరే. మధ్యల ఆమె ఎటు పోవాలె?

తర్వాత పీహెచ్‌సీ డాక్టరమ్మను అడిగిన. మనిషికి దినానికి యాభై నుంచి నూరు ఎంటికలు రాలుడు మామూలేనట. దువ్వకపోతే రాలినవి ఉన్న జుట్టులనే చిక్కుకుంటయి, చెమట, దుమ్ము, పసుపు చేరి ముద్దవుతది. దానికి ప్లైకా పొలోనికా అని పేరు కూడా ఉందట. పోలండ్ దేశం పేరు మీద వచ్చిన పేరు. వెనకటి కాలంల అక్కడి పల్లెల్లో కూడా ఇట్లాంటి జుట్టు కత్తిరిస్తే రోగం వస్తదని భయపడేటోళ్లట. ఎల్లమ్మ పేరు తెలువని దేశంల కూడా అదే జుట్టు, అదే భయం. మన పక్క మహారాష్ట్రల నరేంద్ర దాభోల్కర్ పెట్టిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి వాళ్లు ఇట్లాంటి ఆడవాళ్లకు నచ్చజెప్పి, ఒప్పుకున్నంక జడలు తీస్తున్నరు. ఆ వీడియోలు ఆమె కొడుక్కు చూపించిన.

నా మాటకు ఆమె ఒప్పుకోలేదు. కొడుకు మాటకు ఒప్పుకుంది. ఇంటర్ చదివే పిలగాడు తల్లి ముందట కూసుని "నాకేమైతదో నేను చూసుకుంట, నీ మెడ నొప్పి నేను చూడలేను అమ్మా" అన్నడు. ఆశ వర్కరమ్మ కత్తెర పట్టింది. తీసినంక మా విత్తనాల తక్కెడ మీద పెడితే ముప్పావు కిలో తూగింది. అంత బరువు ఏండ్ల తరబడి మెడ మీద మోసింది. ఆ రాత్రి నిద్ర పోలేదట. కొడుకు ఊపిరి ఆడుతున్నదా లేదా అని తెల్లారేదాక చూసుకుంట కూసుందట.

కథ ఇక్కడ సుఖంగ ఐపోలేదు. బడి వంట పని అప్పటికే వేరే ఆమెకు పోయింది. నాట్ల గుంపుల చేర్చుకున్నరు గాని, ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఆమె పక్కన సద్ది విప్పరు. అప్పుడు దేవత ఉన్నదని భయం, ఇప్పుడు దేవతకు కోపమొచ్చిందని భయం.

నాకు ఇంకా గుచ్చుకునేది ఒకటే. మా బడిల వండే ఆడోళ్లందరూ నెత్తికి బట్ట కట్టుకునే వండుతరు. ఆమె కూడా కట్టుకుంటే సరిపోయేది. కల్లంల తువ్వాల కట్టుకొమ్మన్నది నేనే, బడి దగ్గర ఆ మాట యాదికి రాలేదు.

మిషన్ దగ్గర జుట్టు కట్టుకొమ్మనుడు వేరు, జుట్టు చూసి మనిషినే వద్దనుడు వేరు. మీ ఊర్ల కూడా ఇట్లాంటి అక్క ఉండొచ్చు. జడలు తీస్తేనే పని అని షరతు పెట్టకుండ్రి. తీయాల్నో ఉంచుకోవాల్నో ఆమె ఇష్టం. ముందు కైకిలికి పిలువుండ్రి, అందరి లెక్కనే కూలి ఇయ్యుండ్రి, పక్కన కూసోబెట్టుకుని సద్ది తినుండ్రి. చేతుల పని ఉంటే భయం సగం తగ్గుతది. మిగిలిన సగం సంగతి ఆమె, ఆమె పిల్లలు చూసుకుంటరు.

వచ్చే వారం మా నాట్లు. ఆమె వస్తనన్నది.