రెండు ఓపీజీలు

ముప్పై నాలుగేళ్ళ వయసులో పళ్ళకి తీగలు కట్టించుకోవడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఆఫీసులో ఒకడు "ఏంటి బాసూ, మళ్ళీ పెళ్ళిచూపులా?" అన్నాడు. చిన్నప్పుడు ఇంట్లో డబ్బుల్లేక వాయిదా పడ్డ పని ఇది. నా జీతంతో నేనే చేయించుకుంటున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

పధ్నాలుగో నెలలో డాక్టరుగారు ఓపీజీ తీయించమన్నారు. రెండు దవడల్నీ ఒకే బొమ్మలో చూపించే ఎక్స్-రే అది. పై వరుసలో ముందు పన్ను వేరు కొస కాస్త అరిగిందని చూపించి, కంగారేం లేదు, మూడు నెలలు తీగ బిగించకుండా ఆపుదాం అన్నారు.

"అంటే ఇది ఎప్పుడో మొదలైంది. ముందే తెలిసే దారి లేదా మేడమ్?"

"నెలనెలా ఎక్స్-రేలు తీయలేం కదండీ. లాలాజలంతో కనిపెట్టొచ్చని పరిశోధనలు జరుగుతున్నాయి. మా క్లినిక్కుల దాకా ఇంకా రాలేదు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్ తీసి పరిశోధనా పత్రాలు చదువుతూ కూర్చున్నా.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉంటుందని అనుకునేవాణ్ణి. నిజానికి రెంటికీ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన ఒక నార పొర ఉంటుంది. తీగ పంటిని ఒకవైపు నెడితే అటు పొర నలుగుతుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు వచ్చి అక్కడి ఎముకని కరిగిస్తాయి. రెండోవైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముక పోస్తాయి. స్వీడన్‌కి చెందిన కార్ల్ సాండ్‌స్టెట్ 1904లోనే కుక్క పళ్ళు కదిపి, ఆ ఎముకని మైక్రోస్కోపు కింద పెట్టి ఇది చూపించాడు. ముందు గోడ కూల్చి, వెనక గోడ కట్టి, మధ్యలో మనిషిని జరుపుతున్నట్టు. నెలకి దాదాపు ఒక మిల్లీమీటరు.

కూలీలని పిలిచే ప్రొటీన్ పేరు ర్యాంకెల్. దాన్ని పట్టి ఆపేది ఆస్టియోప్రొటెజెరిన్, పొట్టిగా ఓపీజీ! లాలాజలంలో ఎక్స్-రే ఎలా కొలుస్తున్నార్రా బాబూ అని ఓ అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నా. ఈ రెండింటి నిష్పత్తి, ఎముక కట్టేటప్పుడు పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పంటి వేరు అరిగితే బయటపడే డెంటిన్ ప్రొటీన్లు, ఇలాంటివాటి జాడలు చిగురు సందులో ఊరే ద్రవం ద్వారా లాలాజలంలో కలుస్తాయి. సూది లేదు, రేడియేషన్ లేదు. గొట్టంలో ఉమ్మితే చాలు.

లాలాజలం అంటే మర్యాదగా ఉంది గానీ మనకున్న మిగతా మాటలన్నీ ఈసడింపులే. ఉమ్మి, చొంగ, సొల్లు. సొల్లంటే పనికిమాలిన కబుర్లు కూడా. ఇక ఎంగిలి సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో నీళ్ళ సీసా ఎవరి పెదవికి తగిలినా అమ్మ దాన్ని కడిగేదాకా ఊరుకోదు.

చిక్కేంటంటే, లాలాజలం నోరంతటిదీ. మా ఆఫీసులో సర్వర్ల లాగులన్నీ ఒకే ఫైల్లో పడేస్తే ఎలా ఉంటుందో అలా. ఏ పంటి దగ్గర కూలుతోందో చెప్పదు. చిగురు సందులో సన్నటి కాగితం ముక్క పెట్టి తీసిన ద్రవం ఆ పంటి సంగతే చెబుతుంది, కానీ దొరికేది చుక్క కూడా కాదు. చిగుళ్ళు వాచినా వీటిలో కొన్ని పెరుగుతాయి. ఎముక కరగడం రాత్రిళ్ళు ఎక్కువ కాబట్టి ఏ గంటకి ఉమ్మామన్నదీ లెక్కే. నేను చదివినవాటిలో చాలావరకు కొన్ని పదుల మందితో చేసినవి. అయినా నాకు ఆశగానే ఉంది. ఊళ్ళోవాళ్ళ సగటుతో పని లేదు. తీగ కట్టకముందు నా ఉమ్మి ఎలా ఉందో, నెలనెలా ఎలా మారుతోందో చూస్తే చాలు. గీత ఉన్నట్టుండి లేస్తే అప్పుడు తీయండి ఎక్స్-రే.

చదువుతూ చదువుతూ డెనోసుమాబ్ అన్న పేరు దగ్గర ఆగిపోయా. అది అమ్మ ఇంజెక్షన్.

రెండేళ్ళ క్రితం అమ్మ బాత్‌రూములో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. డెక్సా స్కాన్ తీసి ఆస్టియోపొరోసిస్ అన్నారు. అప్పట్నుంచీ ఆర్నెల్లకో ఇంజెక్షన్. అది చేసే పని కూడా ర్యాంకెల్‌ని పట్టుకోవడమే, ఒంట్లో ఓపీజీ చేసే పనే. నా నోట్లోకి డబ్బులిచ్చి పిలిపించుకుంటున్న కూలీలనే, అమ్మ వెన్నులోకి రావద్దని డబ్బులిచ్చి ఆపిస్తున్నా.

పోయినసారి ఆ ఇంజెక్షన్ ఎనిమిది వారాలు ఆలస్యమైంది. రిలీజ్ ఉందమ్మా, వచ్చే వారం వెళ్దాం అంటూ అంటూ. ఈ మందు ఆగితే ఆ కణాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయనీ, వెన్నుపూసలు విరగొచ్చనీ అక్కడి డాక్టరు కోప్పడితే తలూపి వచ్చేశా. ఆ మాట ఈ రాత్రి, పేపర్లో మళ్ళీ చదివితే ఎక్కింది. ఆ వారాల్లోనే ఓ రోజు భోజనం దగ్గర "నడుం పట్టేసిందిరా" అంది. ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే "బామ్ రాసుకో" అన్నా. నా పంటి వేరు కొస కోసం తెల్లారేదాకా మేలుకున్నవాణ్ణి.

శనివారం అమ్మ వెన్నుకి ఎక్స్-రే తీయించా, నా ఓపీజీ తీసిన సెంటర్లోనే. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. రిపోర్టు వచ్చేలోపు ఏదో ఒకటి మాట్లాడాలని, ఎముక కరుగుతుంటే ఉమ్మి చూసి చెప్పే రోజులొస్తాయట అన్నా.

"ఛీ, ఎంగిలి," అంది. "నోట్లో తీగలు పెట్టించుకుని ఎముకలు అరగదీయించుకోవడం ఏంట్రా? దానికి డబ్బులు కూడానా?"

రిపోర్టు వచ్చింది. ఏ పూసా విరగలేదు. డాక్టరు చెప్పేదాకా నమ్మబుద్ధి కాక నాలుగుసార్లు చదివా. అమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది.

"ఎత్తి తాగు."

ఎత్తే తాగా. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి.