రామేశ్వర తీరంలో గాలి సవారీ

రామేశ్వరమనగానే తెలుగువారికి స్ఫురించేది రామనాథస్వామి దర్శనం, ఇరవై రెండు తీర్థాల స్నానం. ఎల్.టి.సి. సెలవుపై సకుటుంబంగా వెళ్లిన మాకు అక్కడ మరొక విశేషం కూడా కనిపించింది. అది కైట్‌బోర్డింగ్ అనే క్రీడ. నడుముకు పట్టీ బిగించుకొని, 20 మీటర్లకు పైబడిన తాళ్ల చివర పెద్ద గాలిపటాన్ని నిలిపి, కాళ్ల కింది పలకతో నీటిపై దూసుకుపోతారు. శీతాకాలంలో ఈశాన్య పవనాలు వీచేటప్పుడు ద్వీపానికి ఉత్తరాన పాక్ అఖాతం వైపు, వేసవిలో నైరుతి గాలులకు దక్షిణాన మన్నార్ సింధుశాఖ వైపు ఈ క్రీడ సాగుతుంది.

మేము చూస్తుండగా, ఎండ కాస్తూనే ఉన్నా, శిక్షకులు పటాలన్నింటినీ దింపించివేశారు. దిగంతంలో ఒక నల్లమబ్బు మాత్రమే కనిపిస్తున్నది. రుసుము చెల్లించిన యువకులు కొందరు, ఆ మబ్బు రావడానికి ఇంకా అరగంట పడుతుందని వాదించారు. మబ్బుకంటే ముందు గాలి వస్తుందని ఆయన బదులిచ్చారు.

ఆ మాటలో శాస్త్రమున్నది. ఉరుముల మేఘం నుండి కిందికి దిగే చల్లని గాలి ఉపరితలాన్ని తాకి, నలుదిక్కులా వ్యాపించి, మేఘానికి ఎన్నో కిలోమీటర్లు ముందుగా రాగలదు. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గాన్ననుసరించి పెరుగుతుంది. 15 నాట్ల గాలికి ఎంచుకొన్న పటంపై 30 నాట్ల వద్ద నాలుగింతల బలం పడుతుంది. అది మనిషిని పైకెత్తి ఒడ్డునున్న చెట్లకో రాళ్లకో విసరగలదు. పటాన్ని బలహీనపరచే విడుదల పరికరం నడుము వద్దనే ఉన్నా, దానిని వాడే వ్యవధి దొరకాలి కదా!

ఈ ద్వీపం తుపానును ఎరుగనిది కాదు. 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోటికి చేరబోతున్న రైలును ప్రయాణికులతో సహా ఉప్పెన బలిగొన్నది. 1914 నుండి 2022 వరకు రైళ్లు నడచిన పాత పాంబన్ వంతెనపై, గాలివేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ దానంతటదే ఎర్రబడే ఏర్పాటుండేది. అది సుమారు 31 నాట్లు. టన్నుల బరువుగల రైలే ఆగవలసిన గాలిలో పటానికి కట్టుకొన్న మనిషి పరిస్థితి ఊహించవచ్చు.

అతనికి అట్టి సిగ్నల్ లేదు. వాతావరణ శాఖ హెచ్చరికలు, శిక్షకుని సలహా తోడ్పడవచ్చును గాని, నిర్ణయం మాత్రం అతనిదే. అదీ ఒడ్డున ఉండగానే తీసుకోవాలి. అదుపు తప్పిన పటం తీరంలోని పిల్లలకూ అపాయమే. అతనిని వెదకడానికి ఆ గాలిలోనే జాలరులు పడవలు దించవలసి వస్తుంది.

పర్మిట్ లేనిదే యంత్రం తెరవని మనకు ఈ క్రమశిక్షణ కొత్త కాదు. మన పిల్లలెవరైనా ఈ క్రీడ నేర్వదలచితే, పటాన్ని లేపడంకన్నా ముందు ఆకాశాన్ని చదవడం, ఆ రోజుకు వద్దనుకోవడం నేర్పే శిక్షకుల వద్దకే పంపవలసినది.