కోల్‌కతాలో పెళ్ళిపందిరి

వంగీయుల వివాహాలు సాధారణంగా సంధ్యవేళ దాటిన తరువాతనే జరుగుతాయి. పౌష, చైత్ర మాసాలు వారికి పెళ్ళిళ్ళకు నిషిద్ధాలు. ఏప్రిల్ నడుమ వైశాఖం ప్రవేశించగానే ముహూర్తాలు మళ్ళీ మొదలవుతాయి. వాయవ్యం నుండి సాయంవేళల్లో విరుచుకుపడే ‘కాల్‌బైశాఖి’ గాలివానకూ అదే అదను! అతిథులు వచ్చే వేళా, గాలివాన వచ్చే వేళా ఒక్కటే కావడం చేత ఇక్కడ పందిరి వేయడం చిన్న విద్య కాదు.

మేడలపై వేసే పందిళ్ళను మేము ఆసక్తితో గమనించాము. వెదురుబొంగులను తాళ్ళతో బిగిస్తారు. గాలికి వెదురు వంగుతుందే గాని అంత సులభంగా విరగదు. లోపల రంగుబట్టల కుచ్చులు, పైన టార్పాలిన్. దానిని వాలుగా కట్టకపోతే నీరు చేరి కడవలా వేలాడి, ఏ పెద్దమనిషి తలపైననో కుమ్మరిస్తుంది. గాలి పోవడానికి ప్రక్కలు విడిచిపెట్టాలి. నాలుగువైపులా మూసిన పందిరి తెరచాపతో సమానం.

ఇక ఉక్క. గాలిలోని తేమకు చెమట ఆరదు. బనారసు చీరలు ధరించిన స్త్రీల అవస్థ చెప్పనలవి కాదు. మన తాటాకు పందిరి చల్లదనం ఈ బట్టల పందిరికి ఎక్కడిది! కాల్చిన పచ్చిమామిడికాయ షర్బత్తు ఆ వేళకు అమృతమే. వృద్ధులనూ, పసిపిల్లలనూ తొలి పంక్తిలోనే భోజనానికి కూర్చుండబెట్టడం మాకు మిక్కిలి నచ్చింది.

మాఘమాసపు పెళ్ళిళ్ళకు ఈ బాధ లేదు; ఒక శాలువ చాలు. కొత్త ఖర్జూరబెల్లపు సందేశ్ కూడా అప్పుడే దొరుకుతుంది.